డోప్ టెస్ట్ యూరిన్ శాంపిల్: సీల్ వేశాక వేడి, టైమ్ ఏం చేస్తాయి, మీరు ఎక్కడెక్కడ కన్నేసి ఉంచాలి

1994 జూన్ 18న లిస్బన్‌లో ఒక మీట్ అయ్యాక బ్రిటన్ 800 మీటర్ల రన్నర్ డయాన్ మొడాల్ అందరిలాగే యూరిన్ శాంపిల్ ఇచ్చి వెళ్ళిపోయారు. ఆగస్టులో కామన్వెల్త్ గేమ్స్ కోసం కెనడాలోని విక్టోరియాకి వెళ్తే రేసుకి ముందే ఇంటికి పంపించేశారు. టెస్టోస్టెరాన్ అనే హార్మోన్‌కి, ఒంట్లోనే ఉండే దాని లాంటి ఎపిటెస్టోస్టెరాన్‌కి మధ్య నిష్పత్తి (టెస్టోస్టెరాన్ బయటి నుంచి ఎక్కించుకుంటే ఇది పెరుగుతుంది) 42:1 వచ్చిందని రిపోర్ట్, అప్పటి లిమిట్ 6:1. డిసెంబర్‌లో నాలుగేళ్ళ బ్యాన్ వేశారు. అప్పీల్‌కి వెళ్ళాక తేలింది ఏంటంటే, ఆ శాంపిల్ ఎండాకాలంలో ఫ్రిజ్ లేకుండా ఉండిపోయింది, ల్యాబ్‌లో మూత తీసేటప్పటికి పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) దాదాపు 9కి చేరింది, అంటే లోపల బ్యాక్టీరియా బాగా పెరిగిపోయింది, అలా పెరిగితే టెస్టోస్టెరాన్ రీడింగ్ కూడా పెరగొచ్చని ఆమె తరఫు సైంటిస్టులు ప్రయోగాలు చేసి చూపించారు. 1995 జులైలో అప్పీల్ ప్యానెల్ బ్యాన్ ఎత్తేసింది, 1996 మార్చిలో అంతర్జాతీయ అథ్లెటిక్స్ ఫెడరేషన్ కూడా కేసు వదిలేసింది. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ గేమ్స్‌లో మళ్ళీ పరిగెత్తి కాంస్యం తెచ్చుకున్నారు. నష్టపరిహారం కోసం ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడినా గెలవలేదు.

నేను జూనియర్ అథ్లెట్లకి కోచింగ్ ఇస్తాను, మా పిల్లలకి మొదటి డోప్ టెస్ట్ ముందు ఈ కథే చెప్తాను. భయపెట్టడానికి కాదు. బాటిల్ సీల్ అయింది కదా, మన పని అయిపోయింది అనుకుని సంతకం పెట్టేసి వచ్చేస్తారు, ఆ తర్వాత కూడా ఆ బాటిల్ లోపల పని జరుగుతూనే ఉంటుందని ఎవరికీ తెలీదు. ఆ పని ఏంటి, ఎక్కడ ఆపొచ్చు, ఎక్కడ అడగొచ్చు, రిపోర్ట్ తేడాగా వస్తే ఏ కాగితాలు చూడాలి, ఇవన్నీ వరసగా చెప్తాను. ఇది అథ్లెట్లకి, కోచ్‌లకి, మీట్ పెట్టే వాళ్ళకి, ముఖ్యంగా పక్కన కూర్చునే అమ్మానాన్నలకి.

ముందు బాటిల్‌లో ఏం జరుగుతుందో తెలియాలి

మన ఒంట్లో టెస్టోస్టెరాన్ లాంటి స్టెరాయిడ్ దానంతట అది నీళ్ళలో సరిగ్గా కరగదు. అందుకని లివర్ దానికి గ్లూకురోనిక్ యాసిడ్ అనే తోక ఒకటి తగిలిస్తుంది, ఆ తోకతోనే అది యూరిన్‌లోకి వస్తుంది. ల్యాబ్ వాళ్ళు శాంపిల్ తీసుకుని ఒక ఎంజైమ్‌తో ఆ తోక కోసేసి, అప్పుడు స్టెరాయిడ్ ఎంతుందో కొలుస్తారు. ఆ ఎంజైమ్ పేరు బీటా గ్లూకురోనిడేజ్, అది తీసేదే ఈ.కోలై అనే బ్యాక్టీరియా నుంచి. ఇప్పుడు అసలు విషయం చూడండి, యూరిన్ ఇన్ఫెక్షన్‌లో మామూలుగా దొరికేది కూడా ఇదే ఈ.కోలై. అంటే ల్యాబ్‌లో జరగాల్సిన పని దారిలోనే, మన బాటిల్‌లోనే మొదలైపోవచ్చు.

మే నెలలో పొద్దున తోడేసిన పెరుగు సాయంత్రానికి పుల్లబడిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టింది రెండు మూడు రోజులైనా తినేలాగే ఉంటుంది. శాంపిల్ సంగతీ అంతే. ఒంటి వేడిలాంటి వాతావరణం, కావలసినంత తిండి దొరికితే ఈ.కోలై సుమారు 20 నిమిషాలకి రెట్టింపు అవుతుంది. 4 డిగ్రీల్లో ఆ పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది, మైనస్ 20లో ఆగిపోతుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫ్రీజర్‌లో పెడితే అప్పటిదాకా పాడైంది బాగుపడదు, అక్కడితో ఆగుతుంది అంతే. రెండు రోజులు వేడిలో ఉండి ఆ తర్వాత పదేళ్ళు ఫ్రీజర్‌లో ఉన్నా ఆ రెండు రోజుల నష్టం అలాగే ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. తోక ఊడిపోతే రీడింగ్ మారిపోతుంది అనుకుంటారు, మారదు. ల్యాబ్ ఎలాగూ అన్ని తోకలూ కోసేసి మొత్తం కలిపి కొలుస్తుంది కాబట్టి ముందే కొన్ని ఊడినా లెక్క అదే వస్తుంది. గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. తోక ఊడిన స్టెరాయిడ్ మీద బ్యాక్టీరియా ఎంజైమ్‌లు పనిచేసి ఒకదాన్ని ఇంకోదానిగా మారుస్తాయి, ఆండ్రోస్టెరోన్‌ని 5 ఆల్ఫా ఆండ్రోస్టేన్‌డయోన్‌గా, ఎటియోకోలనోలోన్‌ని 5 బీటా ఆండ్రోస్టేన్‌డయోన్‌గా, కొన్ని సందర్భాల్లో వేరే స్టెరాయిడ్లని టెస్టోస్టెరాన్‌గా కూడా. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి, ఒకటి యూరిన్ ఇన్ఫెక్షన్లు వాళ్ళకే ఎక్కువ, బయటి బ్యాక్టీరియా కలిసే అవకాశమూ ఎక్కువ, రెండోది వాళ్ళ టెస్టోస్టెరాన్ మామూలుగానే చాలా తక్కువ ఉంటుంది కాబట్టి కొంచెం కలిసినా నిష్పత్తి పెద్దగా ఊగిపోతుంది. మొడాల్ కేసులో అంత పెద్ద నంబర్ రావడానికి ఇదొక కారణం అని నా ఉద్దేశం.

అన్ని స్టెరాయిడ్లకీ ఈ వాదన పనికిరాదు, ఇది మొహమాటం లేకుండా చెప్పాలి

ఇది చదివి ఎవరికైనా, అయితే పాజిటివ్ వస్తే ఎండ మీద తోసేయొచ్చు కదా అనిపిస్తే, కుదరదు. స్టానోజోలాల్, మెథాండియనోన్, టురినబాల్ లాంటివి ఒంట్లో పుట్టేవి కాదు, ఫ్యాక్టరీలో చేసేవి. ఏ బ్యాక్టీరియా ఎన్ని రోజులు ఎండలో ఉన్నా మన యూరిన్‌లో స్టానోజోలాల్ తయారుచేయలేదు. 1988 సియోల్‌లో బెన్ జాన్సన్‌కి దొరికింది అదే. స్టోరేజ్ పాడైతే ఇలాంటి కేసుల్లో డ్రగ్ తగ్గి కనపడకుండా పోయే అవకాశం ఉంది తప్ప కొత్తగా పుట్టదు, అంటే స్టోరేజ్ చెడిపోవడం మోసం చేసేవాడికే లాభం, శుభ్రంగా ఆడేవాడికే నష్టం. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఉండటానికి కారణం కూడా అదే.

మధ్యలో ఒక చిక్కు ఉంది, నాండ్రోలోన్ అనే స్టెరాయిడ్. దాన్ని పట్టుకునేది 19 నార్ ఆండ్రోస్టెరోన్ అనే పదార్థంతో, లిమిట్ మిల్లీలీటర్‌కి 2 నానోగ్రాములు మాత్రమే. మామూలు ఆండ్రోస్టెరోన్ యూరిన్‌లో వేలల్లో ఉంటుంది. ఒకరికి 3000 నానోగ్రాములు ఉంది అనుకుందాం, అందులో వెయ్యింట ఒక వంతు బాటిల్‌లోనే 19 నార్‌గా మారిపోతే 3 నానోగ్రాములు, లిమిట్ దాటేసినట్టే. నిల్వ ఉన్న కొన్ని శాంపిళ్ళలో ఇలా మారడం నిజంగానే జరుగుతుందని 2000ల మధ్యలో పరిశోధకులు చూపించారు. అందుకే ఇప్పుడు 15 నానోగ్రాముల లోపు వస్తే మామూలుగా ఇంకో టెస్ట్, ఐఆర్‌ఎంఎస్, చేయకుండా పాజిటివ్ అని చెప్పరు. ఆ టెస్ట్ గురించి కింద చెప్తాను.

స్టెప్ 1: టెస్ట్‌కి ముందు

యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందా, మంటగా ఉందా, యాంటీబయాటిక్ వాడుతున్నారా, ఇవి దాచుకునే విషయాలు కాదు. ఫారంలో గత 7 రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాసే చోటు ఉంటుంది, అక్కడ రాయండి. పదహారేళ్ళ అమ్మాయి తెలియనివాళ్ళ ముందు ఇది చెప్పాలంటే సిగ్గుపడుతుంది, కాబట్టి అమ్మో లేడీ కోచో ముందే అడిగి తెలుసుకుని ఉండాలి. ఆ ఒక్క లైన్ తర్వాత ఎప్పుడైనా ప్రొఫైల్ (ల్యాబ్ కొలిచిన స్టెరాయిడ్ల లెక్క) తేడాగా కనిపిస్తే పనికొస్తుంది.

నీళ్ళు విపరీతంగా తాగకండి. త్వరగా వచ్చేస్తుంది అని మూడు లీటర్లు తాగేస్తారు, యూరిన్ పల్చగా అయిపోయి స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే చిక్కదనం, సరిపోదు, దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.005 రావాలి, 150 మిల్లీలీటర్లు దాటి ఇస్తే 1.003 చాలు. రాకపోతే మళ్ళీ ఇంకో శాంపిల్, ఇంకో గంట, మొదటి బాటిల్ అక్కడే వెయిటింగ్.

స్టెప్ 2: చేతులు, కప్పు, కిట్

చేతులు ఉత్త నీళ్ళతో బాగా కడగండి, సబ్బు వద్దు, లేదంటే గ్లవ్స్ అడగండి. కప్పు లోపల వేలు పెట్టకండి, మూత బోర్లా పెట్టకండి. బ్యాక్టీరియా మొదట ఎంత తక్కువ పడితే తర్వాత అంత తక్కువ పెరుగుతుంది, ఇంతకన్నా చవకైన జాగ్రత్త ఇంకోటి లేదు.

కిట్‌లు ఒకటి కన్నా ఎక్కువ పెట్టి మిమ్మల్నే ఎంచుకోమంటారు. ఒక్కో కిట్‌లో 'ఏ', 'బి' అని రెండు బాటిళ్ళు ఉంటాయి, ముందు టెస్ట్ చేసేది 'ఏ', తర్వాత సరిచూసుకోవడానికి దాచేది 'బి'. కవర్ చిరిగి ఉందా చూడండి, పెట్టె మీద, 'ఏ' బాటిల్ మీద, 'బి' బాటిల్ మీద, మూతల మీద నంబర్ ఒకటేనా చూడండి, పైకి చదవండి.

స్టెప్ 3: పార్షియల్ శాంపిల్, ఎవరూ పట్టించుకోని గంట

మొత్తం 90 మిల్లీలీటర్లు కావాలి. రేసు అయ్యాక ఒళ్ళంతా చెమటై పోయి 50 మాత్రమే వస్తుంది. అప్పుడు ఆ కొంచెం యూరిన్‌ని (దీన్నే పార్షియల్ శాంపిల్ అంటారు) తాత్కాలికంగా సీల్ చేసి పక్కన పెడతారు, మళ్ళీ వచ్చాక రెండూ కలుపుతారు. నంబర్లు, సీల్ అన్నీ పద్ధతిగానే ఉంటాయి, కానీ ఈలోపు ఆ బాటిల్ ఎక్కడ ఉంటుంది?

ఒక మీట్‌లో మా అమ్మాయితో కూర్చున్నాను, ఏప్రిల్ చివర, బయట 42 డిగ్రీలు, గదిలో ఫ్యాన్ ఒకటి తిరుగుతోంది, రేకుల కప్పు. ఆ పిల్లకి 55 మిల్లీలీటర్లు వచ్చింది, తర్వాత గంటా నలభై నిమిషాలు రాలేదు. సీల్ చేసిన ఆ బాటిల్ టేబుల్ మీద పెట్టారు, కిటికీలోంచి ఎండ జరుగుతూ జరుగుతూ సరిగ్గా దాని మీదకి వచ్చింది. తాగే నీళ్ళ బాటిళ్ళు మాత్రం ఐస్ ఉన్న డబ్బాలో ఉన్నాయి. నేను లేచి, సార్, శాంపిల్‌ని నీడలోకి మార్చి చల్లటి చోట పెట్టగలరా, మీ ముందే, మా ముందే ఉండేలా, అని అడిగాను. ఆ ఆఫీసర్ ఏమీ అనుకోలేదు, వెంటనే ఇంకో ఐస్ బాక్స్ తెప్పించి మాకు కనపడేలా అందులో పెట్టారు. అడిగితే చేస్తారు, అడిగేవాళ్ళే ఉండరు. మీరు మాత్రం చెయ్యి వేసి జరపకండి, బాటిల్ వాళ్ళ ఆధీనంలో ఉంటుంది, మాటతోనే అడగండి.

స్టెప్ 4: పోయడం, సీల్ వేయడం

ముందు 'బి' బాటిల్‌లో కనీసం 30, తర్వాత 'ఏ' బాటిల్‌లో కనీసం 60 మిల్లీలీటర్లు పోయాలి, గ్రావిటీ చూడటానికి కొంచెం కప్పులో మిగల్చాలి. గీత దాటి అంచుదాకా నింపకండి, అది గాజు బాటిల్, రేపు మైనస్ 20లో గడ్డకట్టినప్పుడు లోపలి ద్రవం పెరుగుతుంది, ఖాళీ లేకపోతే పగలొచ్చు. మూత టక్ టక్ మని తిరగడం ఆగేదాకా బిగించి బోర్లించి చూడండి, కారకూడదు.

2018 జనవరిలో ఒక సంగతి బయటపడింది, బెర్లింగర్ కంపెనీ కొత్త మోడల్ శాంపిల్ బాటిళ్ళు కొన్నింటిని గడ్డకట్టించాక చేత్తోనే తెరవగలుగుతున్నారని జర్మనీలోని కొలోన్ ల్యాబ్ గమనించి వాడాకి (ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ) చెప్పింది. అంతకుముందు 2014 సోచి ఒలింపిక్స్‌లో రష్యా వాళ్ళు ఏకంగా సీల్ వేసిన బాటిళ్ళు తెరిచి, నెలల ముందే ఫ్రీజర్‌లో దాచిన శుభ్రమైన యూరిన్ పోశారు, గ్రావిటీ కుదరడానికి ఉప్పు కలిపారు, మనిషి యూరిన్‌లో ఉండలేనంత ఉప్పు కనపడింది, మూతల లోపల గీతలు కనపడ్డాయి, వాడా దీని మీద వేయించిన విచారణ, మెక్‌లారెన్ రిపోర్ట్‌లో ఇదంతా ఉంది. కాబట్టి స్టోరేజ్ అంటే చల్లదనం ఒక్కటే కాదు, తాళం కూడా.

స్టెప్ 5: ఫారం, సంతకానికి ముందు రెండు నిమిషాలు

కామెంట్స్ అని ఒక గడి ఉంటుంది, పదిమందిలో తొమ్మిదిమంది ఖాళీ వదిలేస్తారు. వదలకండి. సీల్ వేసిన టైమ్ సరిగ్గా రాశారో లేదో చూసి, శాంపిల్‌ని ఎక్కడ పెట్టబోతున్నారో అడిగి, జవాబు ఒక లైన్‌లో రాయండి. "పార్షియల్ శాంపిల్ 3:10 నుంచి 4:50 దాకా టేబుల్ మీద ఉంది, గదిలో ఏసీ లేదు" అంతే, గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు, నింద వేయాల్సిన పని లేదు, చూసింది రాయడమే. అప్పటికి చిన్న విషయంలా ఉంటుంది, ఆరు నెలల తర్వాత విచారణలో మీ మాటకి బలం ఆ లైనే. మీ కాపీ తీసుకుని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి.

స్టెప్ 6: దారిలో, ఇది ముఖ్యంగా మీట్ పెట్టేవాళ్ళకి

రూల్‌లో ఉన్నది ఇది: శాంపిల్ పాడవకుండా, మారిపోకుండా, ఎవరి చేతికీ చిక్కకుండా ఉంచాలి, వీలైనంత త్వరగా ల్యాబ్‌కి పంపాలి, ఆలస్యం వల్ల, విపరీతమైన వేడి చలి వల్ల జరిగే నష్టం తగ్గించాలి. కానీ బ్లడ్ శాంపిల్‌కి ఉన్నట్టు టెంపరేచర్ రికార్డ్ చేసే పరికరం మామూలుగా యూరిన్ డబ్బాలో ఉండదు. అథ్లెట్ పాస్‌పోర్ట్ (ఒక అథ్లెట్ రీడింగ్‌లని ఏళ్ళ తరబడి దాచే రికార్డ్) కోసం తీసే రక్తానికి ప్రయాణమంతా చల్లగా ఉందా అని లెక్క కడతారు, యూరిన్‌కి కొరియర్ కాగితం మీద తేదీలు, సంతకాలు మాత్రమే ఉంటాయి. నన్నడిగితే మన దగ్గర ఎండలకి యూరిన్ డబ్బాలో కూడా ఒక చిన్న లాగర్ పెట్టాలి, ఖర్చు పెద్ద లెక్కలోది కాదు.

మన దేశంలో శాంపిళ్ళు వెళ్ళేది ఢిల్లీలోని ఎన్‌డీటీఎల్‌కి, అంటే నేషనల్ డోప్ టెస్టింగ్ ల్యాబొరేటరీకి. దానికి వాడా గుర్తింపు 2008లో వచ్చింది, 2019 ఆగస్టులో సస్పెండ్ అయి 2021 డిసెంబర్‌లో మళ్ళీ వచ్చింది, ఆ మధ్యకాలంలో మన శాంపిళ్ళు విదేశీ ల్యాబ్‌లకి వెళ్ళాల్సి వచ్చింది. ఢిల్లీ అయినా సరే, విజయవాడలోనో వరంగల్‌లోనో శనివారం సాయంత్రం తీసిన శాంపిల్ సోమవారం దాకా కొరియర్ ఎక్కకపోతే ఆ ఆదివారం అంతా ఎక్కడుంది అన్నదే ప్రశ్న. మీట్ పెట్టేవాళ్ళు చేయగలిగింది చాలా సింపుల్: డోప్ గదిలో తాళం పడే ఫ్రిజ్ ఒకటి, కరెంట్ పోతే వాడటానికి ఐస్ ప్యాక్‌లు, తాళం ఎవరి దగ్గర ఉందో రాసే పుస్తకం, కారు డిక్కీలో మాత్రం ఎప్పుడూ వదలకూడదు.

స్టెప్ 7: ల్యాబ్ ఏం చూస్తుంది

డబ్బా రాగానే సీల్, నంబర్, ఎంత ఉంది, రంగు ఎలా ఉంది చూసి రాస్తారు. పీహెచ్, గ్రావిటీ కొలుస్తారు. తాజా యూరిన్ పీహెచ్ మామూలుగా 4.5 నుంచి 8 మధ్య ఉంటుంది, కొన్ని బ్యాక్టీరియా యూరియాని అమ్మోనియాగా విడగొట్టేసినప్పుడు 9 వైపు పోతుంది, మూత తీయగానే ముక్కు మండే ఆ ఘాటు వాసన అదే. బి బాటిల్ ముట్టుకోకుండా ఫ్రీజర్‌లోకి పోతుంది.

ప్రొఫైల్‌లో టెస్టోస్టెరాన్, ఎపిటెస్టోస్టెరాన్, ఇంకా నాలుగు స్టెరాయిడ్లు కొలుస్తారు. నిష్పత్తి లిమిట్‌ని 2005లో 6 నుంచి 4కి తగ్గించారు. 2014 నుంచి స్టెరాయిడ్ పాస్‌పోర్ట్ వచ్చింది కాబట్టి ఇప్పుడు మిమ్మల్ని లోకం మొత్తంతో కాకుండా మీ పాత రీడింగ్‌లతోనే పోల్చి చూస్తారు, ఇది నిజంగా మంచి మార్పు. శాంపిల్ పాడైందా లేదా అనడానికి రెండు గుర్తులు ఉన్నాయి, ఇవి రాసి పెట్టుకోండి: తోక లేని టెస్టోస్టెరాన్ మొత్తంలో 5 శాతం దాటడం, 5 ఆల్ఫా ఆండ్రోస్టేన్‌డయోన్ ఆండ్రోస్టెరోన్‌లో పదో వంతుకి చేరడం (5 బీటా, ఎటియోకోలనోలోన్ జంటకి కూడా ఇదే లెక్క). వీటిలో ఏది కనపడినా ఆ ప్రొఫైల్‌ని నమ్మకూడదు.

ఇక ఐఆర్‌ఎంఎస్, స్టెరాయిడ్‌లోని కార్బన్ ఎలాంటిదో చూసే టెస్ట్. మందు టెస్టోస్టెరాన్‌ని సోయా లాంటి మొక్కల నుంచి చేస్తారు, అందులో బరువైన కార్బన్, అంటే కార్బన్ 13, మన ఒంట్లో తయారైన దానికన్నా కొంచెం తక్కువ ఉంటుంది. బ్యాక్టీరియా మీ సొంత స్టెరాయిడ్‌నే ఇంకోలా మార్చితే ఆ కార్బన్ మీ ఒంటిదే, బయటి కార్బన్ అందులోకి రాదు. అంటే పరిమాణం తేడాగా కనపడినా పుట్టుక ఎక్కడో ఈ టెస్ట్ చెప్తుంది. మొడాల్ కాలంలో ఇది రొటీన్‌గా వాడుకలో లేదు.

స్టెప్ 8: రిపోర్ట్ తేడాగా వస్తే

కంగారులో ఎవరికీ ఫోన్‌లో ఏదీ ఒప్పుకోకండి, నోటీసులో గడువు ఎప్పటికో ముందు చూడండి. బి శాంపిల్ తెరవమని రాతపూర్వకంగా అడగండి, ల్యాబ్ డాక్యుమెంటేషన్ ప్యాకేజ్, అంటే మీ శాంపిల్ మీద ల్యాబ్ చేసిన పనుల కాగితాల కట్ట కూడా అడగండి. అది వచ్చాక ముందు నంబర్లు కాదు, తేదీలు చదవండి. ఒక తెల్ల కాగితం మీద గీత గీసి సీల్ వేసిన టైమ్, కొరియర్ తీసుకున్న టైమ్, ల్యాబ్‌లో దిగిన టైమ్, మొదటిసారి తెరిచిన టైమ్ వరసగా పెట్టండి. మధ్యలో ఖాళీ ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి, ఈ గంటలు ఏ టెంపరేచర్‌లో ఉంది అని అడగండి. తర్వాత పీహెచ్, తర్వాత పైన చెప్పిన రెండు గుర్తులు, తర్వాత ఐఆర్‌ఎంఎస్ చేశారా లేదా.

వాడా కోడ్ ప్రకారం రూల్ తప్పారు అని చూపిస్తే ఒక్కటే సరిపోదు, ఆ తప్పు వల్ల ఈ రిజల్ట్ వచ్చి ఉండొచ్చని కూడా మీరు చూపించాలి. అది చూపించగలిగితే, కాదు అని నిరూపించాల్సిన భారం అటువైపుకి పోతుంది. అందుకే స్టెప్ 5లో రాసిన ఆ ఒక్క లైన్ అంత విలువైనది. దొరికిన పదార్థం స్టానోజోలాల్ లాంటిదైతే ఈ దారిలో డబ్బు, టైమ్ పోగొట్టుకోకండి, అది ఏ సప్లిమెంట్ డబ్బాలోంచి వచ్చిందో వెతకండి.

శాంపిళ్ళని పదేళ్ళ దాకా దాచి మళ్ళీ టెస్ట్ చేయొచ్చు. 2008 బీజింగ్, 2012 లండన్ శాంపిళ్ళని ఏళ్ళ తర్వాత కొత్త పద్ధతులతో చూస్తే వందకి పైగా పాజిటివ్‌లు వచ్చాయి, ఎక్కువ టురినబాల్, స్టానోజోలాల్ ఒంట్లో చాలాకాలం వదిలే జాడల వల్ల. సరిగ్గా గడ్డకట్టించి ఉంచితే ఆ జాడలు అన్నేళ్ళు నిలబడ్డాయి అని కూడా దీనివల్ల తెలుస్తోంది, అంటే చల్లగా ఉంచడం కష్టమేమీ కాదు, మొదటి రెండు రోజుల్లో ఎవరో ఒకరు పట్టించుకోవాలి.

బి తెరిచే రోజు మీరు గానీ మీ తరఫున ఒకరు గానీ వెళ్ళొచ్చు, ఆ హక్కు వదులుకోకండి, కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు దొరికితే ఇంకా మంచిది. బాటిల్ మీద మంచు ఉందా, నంబర్ మీ కాపీలో ఉన్నదేనా, మూత చుట్టూ గీతలు ఉన్నాయా చూడండి. పూర్తిగా కరిగాక అడుగున తెల్లటి మడ్డి కనపడుతుంది, అది గడ్డకట్టిన యూరిన్‌లో మామూలే, కంగారు పడకండి, కానీ తీసే ముందు బాగా కలిపారా చూడండి. మూత తీయగానే వాసన ఎలా ఉందో, పీహెచ్ ఎంత వచ్చిందో మీ పుస్తకంలో టైమ్ వేసి రాసుకుని, వాళ్ళ ఫారంలో కూడా అదే నంబర్ ఎక్కిందో లేదో చూశాకే సంతకం పెట్టండి.